కాయ తినేది వేరు, మొక్క తినేది వేరు

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి నేటి ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ చేరిన తెలుగు కుటుంబాల్లో భూమి చేసేవాళ్ళు తక్కువ. ఉద్యోగం, క్వార్టరు, పిల్లల చదువు, ఆ తర్వాత ఊళ్ళోనే ఒక ఇల్లు, అంతటితో సరిపెట్టుకున్నవాళ్ళే ఎక్కువ. అక్కడి తెలిపారాలో ఉంటున్న ఒక అత్తయ్య మాత్రం భర్త రిటైరయ్యాక రతన్‌పూర్ దారిలో కొన్న మెరక నేలను వదిలిపెట్టలేదు. అక్కడివాళ్ళు టిక్రా అంటారు అలాంటి నేలని. వరికి నీళ్ళు నిలవవు. ఆవిడ వేరుశనగ వేస్తారు, ఎరువుల సంచి మానేసి పశువుల గెత్తం, జీవామృతంతోనే పండిస్తారు. ఆవిడ మేనల్లుడు అనంతపురం జిల్లాలో రైతుల మధ్య వ్యవసాయ విస్తరణ పని చేస్తాడు. గెత్తం, జీవన ఎరువు, సంచి ఎరువు మూడూ కలిపి వాడాలన్నది అతని పట్టు. తొలకరికి ముందు ఇద్దరికీ మాటామాటా వచ్చింది. ఆ వాదనని ఇక్కడ పెడుతున్నాను. నాకు చెప్పాలనిపించిన చోట మధ్యలో ఒకటి రెండు మాటలు చేర్చాను.

అత్తయ్య: కలిపి వాడమని నువ్వు కొత్తగా చెప్పేదేటి? అందరూ అదే చెప్తారు. కరపత్రంలో మూడు పేర్లుంటాయి. చేలోకి వచ్చేది ఒక్క సంచే. నలభై అయిదు కిలోల యూరియా బస్తా 266 రూపాయల యాభై పైసలకి దొరుకుతాది. ట్రాలీ గెత్తం తోలించి, చల్లించాలంటే కూలీలకే అంతకు ఎన్నో రెట్లు అవుతాది. ఇంక రైతు ఏది వేస్తాడు?

అల్లుడు: ఆ మాట కాదనను అత్తయ్యా. 2010లో భాస్వరం, పొటాష్ ఎరువుల ధరల పద్ధతి మార్చినప్పుడు యూరియాని అందులో కలపలేదు. అప్పట్నించి యూరియా చవక, మిగతావి ప్రియం. నేలకి ఏది తక్కువో చూసి వేసేవాళ్ళకంటే, జేబుకి ఏది తక్కువో చూసి వేసేవాళ్ళే పెరిగారు. అయితే వేరుశనగ దగ్గరికి వచ్చేసరికి నా తగువు కూడా యూరియాతోనే.

అత్తయ్య: మరి నాతో తగువేటి?

అల్లుడు: మీరు కిందటి పంట పీకినప్పుడు తాలు కాయలు ఎన్నున్నాయి?

అత్తయ్య: ఉన్నాయి. చెట్టు మాత్రం పచ్చగా, గుబురుగా ఉంది. పీకితే నేల మెత్తగా వదిలింది, కాయ తెగి లోపల ఉండిపోలేదు. సంచి వేసిన రోజుల్లో ఇదే నేల పైన పెచ్చు కట్టేది, పూత నుంచి వచ్చే ఊడ దిగడానికి తావు ఉండేది కాదు. ఆ సంగతి నువ్వు చూడలేదు.

అల్లుడు: నేల మెత్తబడింది, ఒప్పుకుంటాను. అది మీ గెత్తం చేసిన మేలు. కానీ చెట్టు గుబురుగా ఉండి కాయ తాలుగా పోయిందంటే, మొక్కకి తిండి అందింది, కాయకి అందలేదన్నమాట. వేరుశనగలో ఈ రెండూ వేరువేరు. వేరు పీల్చిన సున్నం, అంటే కాల్షియం, నీళ్ళతో పాటు పైకి, ఆకులోకి పోతుంది. అక్కణ్ణించి మళ్ళీ కిందికి దిగదు. మిగతా పంటల్లో కాయ గాలిలో ఉంటుంది, తేమ ఆవిరయ్యే కొద్దీ నీళ్ళని తన వైపు లాక్కుంటుంది, ఆ నీళ్ళతో సున్నం వస్తుంది. ఇక్కడ ఊడ నేలలో దిగాక, కాయ మట్టిలో కప్పబడి ఉంటుంది. ఆవిరయ్యేదేమీ లేదు కాబట్టి పైనుంచి దానికి సున్నం రాదు. తన చుట్టూ ఉన్న మట్టిలోంచి, తన పొట్టుతో తానే పీల్చుకోవాలి. ఆ నాలుగు వేళ్ళ మందం మట్టిలో సున్నం లేకపోతే గింజ కట్టదు. వేరు ఎంత లోతుకి పోయినా లాభం లేదు.

అత్తయ్య: అందుకేనా జిప్సం, జిప్సం అంటారు?

అల్లుడు: అందుకే. ఎకరాకి రెండు వందల కిలోలు, పూత మొదలై ఊడలు దిగే వేళకి మొక్క మొదట్లో వేసి, కలుపు తీసేటప్పుడు మట్టి ఎగదోయాలి. సున్నంతో పాటు గంధకం కూడా అందుతుంది, నూనె గింజకి అదీ కావాలి. విత్తే ముందే వేస్తే వానకి కిందికి దిగిపోతుంది, కాయ కట్టే చోట మిగలదు.

(ఇక్కడ ఆగి ఒక మాట. ఎరువుల గురించి మన దగ్గర మాటలన్నీ ఎంత వేశామన్న దగ్గరే ఆగిపోతాయి. ఎక్కడ, ఎప్పుడు అన్నవి వెనకబడతాయి. వేరుశనగ పంట ఆ రెండింటినీ మరిచిన రైతుకి గట్టిగా నష్టం చూపిస్తుంది.)

అత్తయ్య: జిప్సం రసాయనం కాదా?

అల్లుడు: గనిలోంచి తవ్విన రాయి ఉంది, ఎరువుల కార్ఖానాలో భాస్వరం తీశాక మిగిలిన జిప్సమూ ఉంది. రాయి కావాలంటే రాయే తెచ్చుకోండి.

అత్తయ్య: మరి బట్టీ సున్నం వేస్తే? ఇక్కడి భాటా నేల పుల్లనిది అంటారు.

అల్లుడు: అది మంచి ప్రశ్నే. మెరక నుంచి పల్లానికి మీవాళ్ళు భాటా, మటాసీ, డోర్సా, కన్హార్ అని నేలకి పేర్లు పెట్టారు చూడండి, ఆ వరసలో పై రెండింటికీ సున్నం లోటు ఎక్కువ. పుల్లని నేలలో సున్నం వేస్తే పులుపు విరుగుతుంది, కాయకి తిండీ దొరుకుతుంది. కాకపోతే ఆఖరి దుక్కికి ముందే వేసి కలియదున్నాలి, మెల్లగా పనిచేస్తుంది. అనంతపురంలో నేను చూసిన కొన్ని నేలల్లో సున్నం పాలు అసలే ఎక్కువ. అక్కడ వేరుశనగ ఆకు పసుపెక్కుతుంది, ఇనుము అందక. లీటరు నీటికి అయిదు గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి కొట్టిస్తాం. అక్కడి మందు ఇక్కడ పనికిరాదు. అందుకే ముందు సర్కండాలో వ్యవసాయ కళాశాల ఉంది కదా, అక్కడ మట్టి చూపించండి అంటాను.

అత్తయ్య: సరే, సున్నం ఒప్పుకుంటాను. ఇంక భాస్వరం దగ్గరికి రా. నా జీవామృతంలో ఉన్న సూక్ష్మజీవులు నేలలో ఉన్న భాస్వరాన్నే కరిగించి ఇస్తాయి. దుకాణానికి పోవాల్సిన పనేముంది?

అల్లుడు: మీరు రెండు వందల లీటర్ల డ్రమ్ములో ఏం వేస్తున్నారు?

అత్తయ్య: పది కిలోల పేడ, ఆవు పంచితం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గట్టు మీద మట్టి గుప్పెడు.

అల్లుడు: ఆ పది కిలోల పేడలో నత్రజని తీసి తూస్తే యాభై గ్రాములకి మించదు. ఎకరం పంటకి అది తిండి కాదు. అది తోడు. మంచి తోడే, కానీ పాలు ఉంటేనే పెరుగవుతుంది. సూక్ష్మజీవి నేలలో బిగుసుకున్న భాస్వరాన్ని విడిపిస్తుంది, లేని దాన్ని పుట్టించలేదు. ఈ ఎర్ర నేలలో ఇనుము, అల్యూమినియం భాస్వరాన్ని పట్టేసుకుంటాయి. ఏటా గింజల రూపంలో బస్తాలకెత్తి బజారుకి పంపేదాంట్లో భాస్వరం పోతూనే ఉంటుంది. నత్రజనికైతే గాలి ఉంది. భాస్వరానికి గాలి లేదు.

అత్తయ్య: నేను తోడు మీద ఆధారపడి కూచోలేదు. గెత్తం కూడా వేస్తున్నాను. దాంట్లో ఏముందో నువ్వే లెక్క చెప్పు.

అల్లుడు: టన్ను గెత్తంలో సుమారు అయిదు కిలోల నత్రజని, రెండు కిలోల భాస్వరం, అయిదు కిలోల పొటాష్ ఉంటాయి.

అత్తయ్య: ఎకరాకి నాలుగు టన్నులు వేస్తే ఇరవై, ఎనిమిది, ఇరవై. మీ విశ్వవిద్యాలయం వర్షాధారపు పంటకి ఎంత వేయమంటుంది?

అల్లుడు: ఆచార్య రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం లెక్క ఎకరాకి నత్రజని ఎనిమిది, భాస్వరం పదహారు, పొటాష్ ఇరవై కిలోలు. సంచుల్లో చెప్పాలంటే యూరియా పద్దెనిమిది, సూపర్ ఫాస్ఫేట్ వంద, పొటాష్ ముప్పై మూడు కిలోలు.

అత్తయ్య: చూశావా! యూరియా ఎందుకు? పొటాష్ ఎందుకు? రెండూ గెత్తంలోనే ఉన్నాయి.

అల్లుడు: మొదటి ఏడాదే అంతా విడుదల కాదత్తయ్యా. నత్రజనిలో మూడో వంతు వస్తే గొప్ప. కానీ ఈ పంటకి అది పెద్ద చిక్కు కాదు. మొలిచాక మూడు వారాల దాకా, వేరు బుడిపెలు పనిలోకి దిగే దాకా కాస్త నత్రజని ఉంటే చాలు. తర్వాత అదే గాలిలోంచి తెచ్చుకుంటుంది. పైగా యూరియా ఎక్కువైతే బుడిపెలు సోమరులవుతాయి. గెత్తం దండిగా వేసిన చేలో యూరియా మానేయమనే నేనూ చెప్తాను. మిగిలిన లోటు ఏమిటో మీ నోటితోనే వచ్చింది కదా: భాస్వరం ఎనిమిది కిలోలు. అంటే యాభై కిలోల సూపర్.

ఇద్దరూ ఇక్కడికి వచ్చేసరికి వాదన రూపం మారిందని నాకు తోచింది. సగం సేంద్రియం, సగం రసాయనం అనే మాట వినగానే అది రాజీ బేరంలా వినిపిస్తుంది. ఇక్కడ సగం అనేది బేరంలో తేలలేదు. గెత్తం ఎంత ఇచ్చింది, పంట ఎంత అడిగింది, రెండింటికీ తేడా ఎంత అన్న తీసివేతలో తేలింది. కలిపి వాడడం అంటే నాకు అర్థమైంది ఇదే. గెత్తం లేని చేలో ఆ తీసివేత వేరేగా ఉంటుంది, పుల్లని నేలలో ఇంకోలా ఉంటుంది.

అత్తయ్య: సూపరే ఎందుకు? దుకాణానికి వెళ్తే డీఏపీ చూపిస్తారు.

అల్లుడు: డీఏపీలో నూటికి నలభై ఆరు భాస్వరం ఉంది, కానీ సున్నం లేదు, గంధకం లేదు, వద్దనుకున్న నత్రజని పద్దెనిమిది వంతులు ఉంది. సూపర్‌లో భాస్వరం పదహారే, కానీ దాంట్లో జిప్సం కలిసే ఉంటుంది. వేరుశనగ వరకు సూపర్‌దే పై చెయ్యి.

అత్తయ్య: అది కూడా గంధకామ్లంతో చేసిందే కదా.

అల్లుడు: అవును, రాక్ ఫాస్ఫేట్ రాయిని గంధకామ్లంతో కరిగించి చేస్తారు. మీకు అది ఇష్టం లేకపోతే ఇంకో దారి ఉంది. ఉదయ్‌పూర్ దగ్గర ఝామర్‌కోట్రాలో తవ్వే ఆ రాయి పొడినే నేరుగా గెత్తంలో కలిపి, భాస్వరం కరిగించే బ్యాక్టీరియా పెట్టి వేయొచ్చు. కార్ఖానాలో ఆమ్లం చేసే పని కొంత మీ నేల పులుపే చేస్తుంది. సేంద్రియ ధ్రువపత్రం ఇచ్చేవాళ్ళు కూడా దీన్ని ఒప్పుకుంటారు.

అత్తయ్య: అయితే ముందే చెప్పవేం? సున్నం వేస్తాను, రాయిపొడి వేస్తాను, సంచి మాటే లేదు.

అల్లుడు: ఆ రెండూ ఒకే చోట వద్దు. సున్నం వేస్తే పులుపు విరుగుతుంది, పులుపు విరిగితే రాయి కరగదు. రాయిపొడి వేసే చోట కాయకి జిప్సం ఇవ్వండి, అది పులుపుని కదిలించదు. సున్నం వేసే చోట సూపర్ వేయండి. ఇంకొకటి, రాయి నిదానంగా కరుగుతుంది. నూట పది రోజుల పంటకి మొదటి ఏడాదే దాని మేలు పూర్తిగా కనబడదు.

అత్తయ్య: నేను తొందరపడే మనిషిని కాను. ఇప్పుడు జీవన ఎరువుల ప్యాకెట్ల సంగతి చెప్పు. రైజోబియం అని ఒక దుకాణంలో కొన్నాను. ఎండ పడే గుమ్మం దగ్గర వేలాడదీశారు. విత్తనానికి పట్టించాను. తేడా ఏమీ కనబడలేదు.

అల్లుడు: ఎండలో వేలాడిన ప్యాకెట్లో బతికున్నది ఏముంటుంది? అది ప్రాణం ఉన్న సరుకు. గడువు చూసి, చల్లని చోట ఉంచినదే కొనాలి. ఎకరం విత్తనానికి రెండు వందల గ్రాములు, బెల్లం నీళ్ళతో పట్టించి, నీడలో ఆరబెట్టి, వెంటనే విత్తాలి. శిలీంధ్రనాశిని పట్టిస్తే అది ముందు, రైజోబియం కల్చర్ ఆఖర్న. తిరగేస్తే మందు బ్యాక్టీరియాని చంపుతుంది. అయినా మీ చేలో తేడా కనబడకపోవడానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. అక్కడ ఇంతకుముందు ఏం వేసేవారు?

అత్తయ్య: ఉలవ వేసేవాళ్ళట, మినుము కూడా.

అల్లుడు: వేరుశనగ బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియాకి ఉలవ, అలసంద, మినుము జాతులన్నీ చుట్టాలే. అలాంటి నేలలో అవి ముందే ఉంటాయి, ప్యాకెట్ పెద్దగా చేసేదేమీ ఉండదు. వరి మడిలో నెలల తరబడి నీళ్ళు నిలిచి, ఆ తర్వాత వేసవిలో వేరుశనగ వేసేచోట మాత్రం తప్పకుండా పట్టించాలి. చూసుకోవడం తేలిక. నెల దాటాక ఒక మొక్కని మట్టితో సహా తవ్వి, బుడిపెని గోటితో చీల్చండి. లోపల ఎర్రగా ఉంటే నత్రజని తయారవుతోంది. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే పని జరగడం లేదు.

అత్తయ్య: ఇలా చూసుకోమని ఆ ప్యాకెట్ అమ్మినవాళ్ళు చెప్పలేదు.

అల్లుడు: మీకు పనికొచ్చే జీవన ఎరువు ఇంకోటి ఉంది. మొదలు కుళ్ళుకి ట్రైకోడెర్మా. రెండు కిలోల పొడిని తొంభై కిలోల మాగిన గెత్తం, పది కిలోల వేపపిండిలో కలిపి, తడి చల్లి, నీడలో గోనె కప్పి ఉంచితే వారం పది రోజుల్లో బూజు అల్లుకుంటుంది. దాన్ని ఆఖరి దుక్కిలో చల్లాలి. గెత్తం లేకపోతే ఇది పెరగనే పెరగదు. సేంద్రియం, జీవనం వేరు కావు అనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అత్తయ్య: అలాగని అన్నిటినీ కలిపేయమంటే ఎలా? నువ్వు పనిచేసే ఆంధ్రలోనే ప్రకృతి సేద్యానికి 2024లో పోర్చుగల్ నుంచి గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. సంచి లేకుండా పండించేవాళ్ళు అక్కడ లక్షల్లో ఉన్నారు. వాళ్ళందరూ తెలియనివాళ్ళా?

అల్లుడు: కారు. వాళ్ళ చేలల్లో నేను తిరుగుతాను. వానకి ముందే పలు రకాల గింజలు పొడిదుక్కిలో చల్లి నేలని కప్పి ఉంచడం అనంతపురంలో నిజంగా గొప్ప పని. కానీ 2021లో శ్రీలంక ఏం చేసిందో కూడా చూడాలి. రసాయన ఎరువుల దిగుమతి ఒక్కసారిగా ఆపేసి, అదే ఏడాది నవంబరులో వెనక్కి తగ్గింది. అయినా ఆ పంటకాలం వరి దిగుబడి పడిపోయింది.

అత్తయ్య: అది రాత్రికి రాత్రి వేసిన హుకుం. రైతు తన ఇష్టంతో, ఏళ్ళ తరబడి నేలని సిద్ధం చేసుకుంటూ మారడం వేరు. ఆ రెంటినీ ఒక గాటన కట్టకు.

అల్లుడు: నిజమే. ఆ ఉదాహరణ మీ మీద పనిచేయదు. అయితే మా జిల్లాలోదే చెప్తాను. అనంతపురం పరిశోధన కేంద్రంలో 1985 నుంచి ఇరవై ఏళ్ళు ఒకే ఎర్ర నేలలో, వాన మీదే, ఏటా వేరుశనగే వేసి చూశారు. ఒక మడిలో ఏమీ వేయలేదు. ఒక దాంట్లో పూర్తి మోతాదు సంచి ఎరువు. ఒక దాంట్లో ఒట్టి గెత్తం. రెండు మడుల్లో సగం మోతాదు సంచి, దానికి తోడు హెక్టారుకి నాలుగు టన్నులు, ఒకదాంట్లో గెత్తం, ఇంకోదాంట్లో వేరుశనగ పొట్టు. అన్నిటికంటే పైన నిలిచింది సగం సంచి, పొట్టు కలిపిన మడి. దిగుబడిలోనూ అదే, నేలలో చేరిన కర్బనంలోనూ అదే.

అత్తయ్య: పొట్టా? పొట్టులో ఏముంది?

అల్లుడు: తిండి తక్కువే. కానీ మెల్లగా కుళ్ళుతుంది, నేలలో చాలాకాలం నిలుస్తుంది, తడిని పట్టి ఉంచుతుంది. ఏడాదికి అయిదారు వందల మిల్లీమీటర్లు వాన పడే చోట, మధ్యలో నెల రోజులు ఎండితే ఆ తడే పంటని నిలబెడుతుంది. అయితే పొట్టులో కర్బనం మరీ ఎక్కువ. దాన్ని తినే సూక్ష్మజీవులు నేలలో ఉన్న నత్రజనిని అప్పు తీసుకుంటాయి. ఆ అప్పు తీర్చడానికి సంచిలోంచి కొంచెం కావాలి. ఒట్టి పొట్టు వేస్తే మొక్క మొదట్లో పస్తు పడుతుంది, ఒట్టి సంచి వేస్తే నేల బక్కచిక్కుతుంది.

అత్తయ్య: మరి మీ రైతులు పొట్టు చేలో వేస్తున్నారా?

అల్లుడు: తక్కువమంది. కాయ మిల్లుకి పోతుంది, పొట్టు అక్కడే ఉండిపోతుంది, బాయిలర్లకి అమ్ముడవుతుంది.

అత్తయ్య: అదే నేను అనేది. ఆ ప్రయోగం చూసి నువ్వు సంచి సగం వేయొచ్చని నేర్చుకున్నావు. నేను చూస్తే చేనులోంచి పోయింది చేనుకి తిరిగి రావాలని కనబడుతోంది. ఇక్కడ పేడ కథా అదే. 2020లో హరేలీ పండగ నాడు సర్కారు కిలో రెండు రూపాయలకి పేడ కొంటానన్నప్పుడు అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పేడకి ఖరీదు ఉందని మొదటిసారి ఎవరో ఒప్పుకున్నారు. ఆ తర్వాత దాన్నే వర్మీకంపోస్టు చేసి కిలో పది రూపాయలకి అమ్మారు. టన్ను పదివేలు. 2024-25 మద్దతు ధర ప్రకారం వేరుశనగ క్వింటాలు 6,783 రూపాయలు. టన్ను కంపోస్టు కొనాలంటే దగ్గర దగ్గర క్వింటాలున్నర కాయలు అమ్ముకోవాలి. కలిపి వాడమని చెప్పేవాళ్ళు ఈ డబ్బు ఎవరిస్తారో కూడా చెప్పాలి.

అల్లుడు: దానికి నా దగ్గర జవాబు లేదు. మీకు ఎన్ని ఆవులు?

అత్తయ్య: రెండు.

అల్లుడు: ముప్పై ఎకరాలకి ఒక్క ఆవు చాలని, జీవామృతం ప్రచారం చేసిన పాలేకర్ గారు చెప్పేది తోడు లెక్క. గెత్తం లెక్క అది కాదు. రోజుకి ఒక్కోటి పది కిలోల పేడ వేసినా, రెండింటికీ కలిపి ఏడాదికి ఏడు టన్నుల పచ్చి పేడ. మాగేసరికి సగం పోతుంది. అదీ ఒక్క ముద్ద కూడా రోడ్డు పాలు కాకపోతేనే. అంటే ఎకరానికి కూడా చాలదు.

అత్తయ్య: అందుకే కోతలయ్యాక పశువుల్ని ఊరి మీదికి వదిలేసే అలవాటు పోవాలంటాను. పైరా, అదే వరిగడ్డి, తగలబెట్టకుండా పేడతో కలిపి మాగబెట్టాలి. పొరుగు టిక్రాల వాళ్ళని కూడా అడుగుతాను. గెత్తం పెరిగేకొద్దీ నీ యాభై కిలోలు తగ్గాలి. తగ్గుతాయా?

అల్లుడు: తగ్గాలి. తగ్గకపోతే నేను చెప్పింది కలిపి వాడడం కాదు.

అత్తయ్య: అయితే ఈ తొలకరికి పెట్టి చూద్దాం. ఒక పట్టీలో నా పద్ధతే, గెత్తం, జీవామృతం, రాయిపొడి, ఊడ దిగేటప్పుడు గని జిప్సం. ఇంకో పట్టీ నీది. గెత్తం అంతే వేస్తావు, నీ సూపర్, నీ జిప్సం, నీ కల్చర్. యూరియా ఒక్క గింజ కూడా వద్దు.

అల్లుడు: యూరియా వద్దు. ఒప్పుకున్నాను.

అత్తయ్య: మూడో పట్టీ కూడా కావాలి. దాంట్లో నువ్వూ నేనూ ఇద్దరం ఏమీ వేయం.

అల్లుడు: ఎందుకు?

అత్తయ్య: ఆ అనంతపురం వాళ్ళు ఉంచారన్నావుగా. వాన బాగా పడిన ఏడాది అన్నీ పండుతాయి, ఆ గొప్ప నువ్వూ కొట్టేయకూడదు, నేనూ కొట్టేయకూడదు. కాయ పచ్చిగా తూచొద్దు. ఆరాక తూచి, కిలో కాయ వలిచి గింజ ఎంత దిగిందో, తాలు ఎంతో వేరేగా రాయాలి. కూలి ఖర్చు, తోలుబడి ఖర్చు నేను రాస్తాను.

అల్లుడు: విత్తే ముందు మట్టి పరీక్ష?

అత్తయ్య: రేపు పొద్దున్నే పొలానికి పోదాం. మూడు పట్టీల మట్టి వేరువేరు సంచుల్లో తీయి, మధ్యాహ్నానికి సర్కండాలో ఇచ్చేద్దాం.